వందన సమర్పణలో బెండకాయలు

వర్క్‌షాప్‌కు అనుమతి వచ్చిందన్న కబురు అందేసరికి హైమ చేతిలో సగం కొరికిన జామకాయ ఉంది. మిగతా సగం కొరకడం మరిచిపోయి కుర్చీలోంచి లేచింది, మళ్లీ కూర్చుంది, మళ్లీ లేచి కిటికీ దగ్గరికి వెళ్లి సముద్రాన్ని చూసింది. సముద్రం రోజూ ఉన్నట్టే ఉంది. దానికి ఇంకా తెలియలేదు కాబోలు అనుకుంది హైమ.

విశాఖపట్నం నుంచి భీమిలి వెళ్లే దారిలో, ఒకప్పటి ఐసు ఫ్యాక్టరీలో పెట్టిన తూర్పుతీర సమకాలీన కళా మ్యూజియంలో ఆమె ప్రజా కార్యక్రమాల సహాయకురాలు. సమకాలీన కళ అంటే మరేం లేదు, చూడ్డానికి వచ్చినవాళ్లు "బొమ్మలెక్కడున్నాయమ్మా?" అని అడిగే కళ. హాలు మధ్యలో బోర్లించిన నాటుపడవ, దాని లోపల వెలుగుతూ ఆరుతూ ఉండే బల్బు, గోడ నిండా చిరిగిన వలలు. ఇవే బొమ్మలని చెబితే, "ఇవి మా పేటలోనూ ఉన్నాయి" అని నవ్వుకుంటూ వెళ్లిపోయేవారు. అలా వెళ్లిపోయేవాళ్లను ఓ పూట కూర్చోబెట్టి, చేతులకు రంగు అంటించి పంపాలని హైమ కోరిక. ముదురు బెండకాయను అడ్డంగా కోసి, రంగులో ముంచి, తెల్లగుడ్డ మీద ఒత్తితే చక్కటి రేకుల పువ్వు పడుతుంది. అరటి దవ్వతో ఒకటి, ఉల్లిపాయతో ఒకటి. ఎవరైనా చెయ్యగలరు. చేశాక ఎవరి మొహమైనా వెలుగుతుంది. ఆమె అడిగింది అంతే.

వెంటనే ఫోను చేసింది.

"ఏమండీ, పేషెంట్లున్నారా?"

"ఒకడున్నాడు, అద్దంలో. నా పళ్లు నేనే చూసుకుంటున్నాను."

డాక్టర్ మన్మథరావు పళ్ల వైద్యుడు. మద్దిలపాలెంలో కొత్తగా క్లినిక్ తెరిచాడు. తాతగారి పేరు పెట్టారు గానీ, శుభలేఖ మీద ఆ పేరు చూసి హైమ స్నేహితురాళ్లు ఒక సాయంత్రమంతా నవ్వారు. హైమ మాత్రం ఇప్పటికీ క్లినిక్ బోర్డు చూసినప్పుడల్లా నవ్వుతుంది, పూర్తిగా వేరే కారణంతో. పెళ్లినాడు వాళ్లింటి గుమ్మానికి కట్టిన మామిడాకులు ఇంకా పూర్తిగా ఎండలేదు.

"నా వర్క్‌షాప్ ఒప్పుకున్నారు!"

"ఏటీ, బెండకాయలదా?"

"బెండకాయలదే!"

"అయితే అది జరిగిన రోజు సాయంత్రం జిలేబీలు నావి. నువ్వు తిను, నేను నీ పళ్లకి కాపలా కాస్తాను."

ఈ సంతోషంలో ఉండగానే డైరెక్టర్ చక్రధరం గారి గది నుంచి పిలుపు వచ్చింది. చక్రధరం గారు ఒక్కరే ఉన్నా సభలో ఉన్నట్టే మాట్లాడతారు. ఫ్యాను వెయ్యమని చెప్పేముందు కూడా గొంతు సవరించుకుంటారు.

"చూడమ్మా హైమా, ప్రజలను కళ దగ్గరికి చేర్చడమన్నది ఒక మహత్తరమైన బాధ్యత. ఆ బాధ్యతలో తొలి మెట్టు ఏమిటి?"

"బెండకాయలు తేవడం సార్."

"వేదిక!" అన్నారు డైరెక్టర్ గారు. "ప్రజలు రాకముందే ప్రముఖులు రావాలి. మన సంస్థకు వేదికా గౌరవ నియమావళి అని ఒకటుంది. జ్యోతి ప్రజ్వలన, వేదిక మీదికి ఆహ్వానం, పుష్పగుచ్ఛాలు, శాలువాలు, సందేశాలు, జ్ఞాపికలు, వందన సమర్పణ. ఇవి లేకుండా జరిగేదాన్ని కార్యక్రమం అనరు, గుమికూడడం అంటారు."

"మరి వర్క్‌షాప్ సార్?"

"అది సందేశాలకూ జ్ఞాపికలకూ మధ్య ఎక్కడో వస్తుంది. నువ్వు కంగారుపడకు. వందన సమర్పణ నీకే అప్పగిస్తున్నాను. సిబ్బంది చేతికి మైకు అందే ఘట్టం అదొక్కటే. ఒక్క సంగతి గుర్తుపెట్టుకో. వేదిక మీదివారికి ఏదీ చెప్పకూడదు, కోరాలి. మైకులో 'కోరుతున్నాను' అన్నాక కాదనే పెద్దమనిషి ఈ జిల్లాలో ఇంకా పుట్టలేదు."

హైమ తల ఊపింది. సంతోషంగా ఉన్నప్పుడు ఆమె అన్నిటికీ తల ఊపేది.

మొదటి కార్యక్రమం రోజు ఆమె తెల్లవారుతూనే రైతుబజారుకు వెళ్లింది. "ముదురువి కావాలి, బాగా ముదురువి" అంటే కూరగాయలామె ఒకటికి రెండుసార్లు హైమ మెళ్లో కొత్త పుస్తెలతాడు వైపు చూసి, "కొత్త కాపురం కదమ్మా, అలాగే నేరుసుకుంతావులే" అని జాలిపడి లేతవి కూడా కొన్ని కొసరు వేసింది.

హాల్లో కుర్చీలు నిండాయి. గృహిణులు, కాలేజీ అమ్మాయిలు, మనవరాలిని వెంటబెట్టుకొచ్చిన తాతగారు, అందరూ పాత బట్టలు కట్టుకుని, చేతులు పైకి మడుచుకుని సిద్ధంగా ఉన్నారు. వాళ్ల ఎదురుగా వేదిక, వేదిక మీద తెల్లగుడ్డ పరిచిన పొడవాటి బల్ల, బల్ల వెనక ప్రముఖులు. జ్యోతి వెలిగించబోతే సముద్రపు గాలికి ఆరిపోయింది. తలుపులు మూశారు, ఫ్యాన్లు ఆపారు, ప్రముఖులంతా అరచేతులు అడ్డం పెట్టారు. జ్యోతి వెలిగాక చూస్తే అందరూ చెమటతో తడిసి, ఆ జ్యోతితో పాటు తామూ కరుగుతున్నట్టు ఉన్నారు. తర్వాత ముఖ్య అతిథి బెండకాయ విశిష్టత మీద మాట్లాడారు. విశిష్ట అతిథి బెండకాయ ముఖ్యత్వం మీద మాట్లాడారు. ఆత్మీయ అతిథి తాను మాట్లాడదలచుకున్నది ముందు వక్తలే మాట్లాడేశారని చెప్పి, అదంతా మళ్లీ మాట్లాడారు. అందరికీ శాలువాలు కప్పారు. భోజనాల వేళ దాటిపోయింది.

"కాలాభావం వల్ల," అన్నారు చక్రధరం గారు గడియారం చూసుకుని, "వర్క్‌షాప్ ఘనంగా ప్రారంభమైందని ప్రకటిస్తూ ముగిస్తున్నాం."

హైమ వందన సమర్పణ చేసింది. బెండకాయలు ఇంటికి వచ్చాయి. ఆ సాయంత్రం వేపుడు.

"బాగుంది," అన్నాడు మన్మథరావు, పళ్ల సందులోంచి పొడవాటి పీచు లాగుతూ. "పళ్ల డాక్టరుకి ఇంత పని పెట్టే కూర నేనెప్పుడూ తినలేదు."

ఇద్దరూ కడుపు పట్టుకుని నవ్వారు. కొత్తలో అన్నీ నవ్వొచ్చే సంగతులే.

అంతటితో ఆగిపోయేదే, కానీ ఆనాటి సభలో కూర్మారావు గారు ఉన్నారు. ఆయన నీటిపారుదల శాఖలో పెద్ద ఇంజినీరుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నారు. నిజానికి రంగులు చేతికి అంటించుకుందామనే పాత లుంగీ మీద వచ్చారు. కానీ రెండో వరసలో కూర్చుని గంటలకొద్దీ ఎదుటివాళ్లకు శాలువాలు కప్పడం చూస్తూ ఉంటే ఎవరికి మాత్రం ఒళ్లు మండదు? మర్నాడు మ్యూజియానికి వచ్చి, "నేను కట్టిన కాలవలో ఈతకొట్టినవాడిని పైన కూర్చోబెట్టి, నన్ను కింద కూర్చోబెడతారా?" అని ఆఫీసంతా వినిపించేలా అడిగారు.

చక్రధరం గారు వణికిపోయారు. ఆ వారంలోనే ఒక ఉపసంఘం కూర్చుని, ప్రముఖుడంటే ఎవరో నిర్వచించింది. జీవితంలో ఏదైనా ఒకటి సాధించినవారు ప్రముఖులు. అలాంటివారు సభలో ఎక్కడ కనిపించినా వేదిక మీదికి పిలవాలి. పక్షపాతం మాట రాకుండా, సిబ్బంది బంధువులను మాత్రం వేదిక ఎక్కించకూడదు.

రెండో కార్యక్రమంలో కూర్మారావు గారు ప్యాంటు వేసుకుని వచ్చి నేరుగా వేదిక ఎక్కారు. తర్వాత చక్రధరం గారు సభికుల వైపు తిరిగి, "మీలో ఏదైనా సాధించినవారు మొహమాటపడకుండా చేతులెత్తండి" అన్నారు. లలితకుమారి అనే ఆవిడ కాలనీ ముగ్గుల పోటీలో తనకు ద్వితీయ బహుమతి వచ్చిందని చెప్పింది. పైకి పిలిచారు. ఆమె పక్కనున్నావిడ, ఆ పోటీలో ప్రథమ బహుమతి తనకు రావలసిందని అంది. ఆవిడనీ పిలిచారు. ఒకాయన తుపానుకు ఎగిరిపోయిన రేకు పక్కన నిలబడగా పేపర్లో ఫోటో పడిందన్నాడు. ఒక అమ్మాయి ఆరో తరగతిలో క్లాసు లీడరునన్నది. మనవరాలితో వచ్చిన తాతగారు ఏమీ గుర్తురాక ఇబ్బందిపడుతుంటే, "ఏమీ సాధించకపోయినా ఇంత దూరం బస్సెక్కి వచ్చారు, అది మాత్రం సామాన్యమా!" అని చక్రధరం గారు స్వయంగా చెయ్యి పట్టుకుని మెట్లెక్కించారు. మనవరాలు తాతగారిని తీసుకొచ్చింది కాబట్టి ఆ పిల్లనీ ఎక్కించారు.

ఎక్కినవారందరికీ శాలువాలు, ఎక్కినవారందరివీ సందేశాలు. తుపాను రేకు ఆయన ఒక్కడే తుపాను మొదలైన దగ్గర్నుంచి అది తీరం దాటేదాకా మాట్లాడాడు.

హైమ మైకు దగ్గరికి వచ్చి తలెత్తి చూసేసరికి కుర్చీలన్నీ ఖాళీ. మొదటి వరసలో మన్మథరావు ఒక్కడే కూర్చుని ఉన్నాడు.

ఉదయంపూట క్లినిక్‌కి ఎవరూ రారు కాబట్టి అతను ఇటు వస్తుండేవాడు. హైమ మైకు పట్టుకున్నప్పుడు వినడానికి ఒకడుండాలి కదా అనేవాడు. సిబ్బంది బంధువు కాబట్టి పైకి పిలవడానికి వీల్లేదు. సభికులు లేని సభ జరిగినట్టు కాదని పద్దులు చూసేవాళ్లు అభ్యంతరం పెడతారు కాబట్టి ఇంటికి వెళ్లిపోవడానికీ వీల్లేదు. ఆవిధంగా, ఎవరూ ఎన్నుకోకుండానే, డాక్టర్ మన్మథరావు తూర్పుతీర సమకాలీన కళా మ్యూజియానికి సభికులు అయిపోయాడు.

"సభికులకు నమస్కారం," అని ప్రతి వక్తా అతనికి నమస్కారం పెట్టేవారు. అతను లేచి ప్రతినమస్కారం పెట్టి కూర్చునేవాడు.

"సభికులు చప్పట్లతో ఆహ్వానించాలి," అంటే కొట్టేవాడు.

"చప్పట్లు బలహీనంగా ఉన్నాయి," అని చక్రధరం గారంటే కాళ్లతో కూడా చప్పుడు చేసేవాడు.

ఫోటోల కోసం అతన్ని ఒకసారి ముందు వరసలో, ఒకసారి వెనక, ఒకసారి తలుపు దగ్గర కూర్చోబెట్టేవారు. మూడోసారి నుంచి హైమ ఇంటి దగ్గర్నుంచే వేరువేరు రంగుల చొక్కాలు సంచిలో పెట్టుకొచ్చేది. సంస్థ వార్షిక నివేదికలో "సభికులు నూటికి నూరుపాళ్లు హాజరై, ఆద్యంతం ఏకాగ్రతతో వీక్షించారు" అని రాశారు. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు.

నిజంగానే అతను ఏకాగ్రతతో చూసేవాడు. ఇంటికి వెళ్తూ స్కూటరు మీద చెప్పేవాడు.

"మీ డైరెక్టరు గారికి కింద జ్ఞానదంతం అడ్డంగా వస్తోంది. 'సంస్కృతి' అని నోరు సాగదీసినప్పుడల్లా కనిపిస్తోంది. లలితకుమారి గారికి పైవరసలో సిమెంటు ఊడింది. కూర్మారావు గారి ఎడమ దవడ పన్ను మాత్రం, హైమా, ఇవాళ ఆయన కాలవల గురించి చెబుతుంటే నా గుండె తరుక్కుపోయింది."

"కాలవల గురించా?"

"పన్ను గురించే."

హైమ అతని వీపు మీద తల ఆనించి నవ్వేది. కానీ వెనక డిక్కీలో బెండకాయలు ఎప్పటిలాగే ఇంటికి వస్తుండేవి. వేపుడు, పులుసు, పచ్చడి, ఆవపెట్టిన కూర. ఒక్క గుడ్డ మీద ఒక్క పువ్వు పడలేదు. ఒకనాడు వంటింట్లో బెండకాయ కోస్తూ, గోడ మీద దాని తడి ముద్ర ఒకటి వేసి చూసుకుంది. నీళ్ల పువ్వు, చూస్తుండగానే ఆరిపోయింది.

అలాంటి రోజుల్లో గ్రాంటు ఇచ్చే పెద్దాఫీసు నుంచి కబురొచ్చింది. ప్రజలు తమ చేతుల్తో చేసిన వస్తువు ఒక్కటైనా చూపించాలి. లేకపోతే ప్రజా కార్యక్రమాల విభాగం ఎత్తేస్తారు. ఇందుబాల గారు అనే పరిశీలకురాలు స్వయంగా వచ్చి, తర్వాతి కార్యక్రమం చూసి తేలుస్తారు.

"నీ విభాగంలో ఎంతమంది ఉన్నారు?" అడిగాడు మన్మథరావు ఆ సాయంత్రం.

"నేనూ, ఒక టేబులు ఫ్యానూ."

"ఫ్యాను సంగతి వాళ్లు చూసుకుంటారు. నువ్వు ఏడవకు."

"ఏడవట్లేదు, ఉల్లిపాయ."

అక్కడ ఉల్లిపాయ లేదు. అతను కూడా లేదని అనలేదు.

మర్నాడు హైమ డైరెక్టర్ గారి గదిలోకి వెళ్లి, "సార్, ఈ ఒక్కసారికి వేదిక వద్దు. నేల మీద చాపలు పరుద్దాం, అందరూ కూర్చుని ఒత్తుతారు, ఆవిడ చూస్తారు, అయిపోతుంది" అంది.

చక్రధరం గారు ఆమె వైపు చాలా దయగా చూశారు. "పరీక్ష వచ్చినప్పుడు మన బలం చూపించాలమ్మా. మన బలం ఏది?"

"వేదిక సార్," అంది హైమ. ఈసారి జవాబు ఆమెకు తెలుసు.

వేదికను పెంచమని షామియానా పైడిరాజుకు కబురు వెళ్లింది. ఈసారి ప్రముఖులు మరింతమంది వస్తారు కాబట్టి పైడిరాజు బల్లలు తెచ్చి ఒక వరస వేశాడు. చాలవన్నారు. ఇంకో వరస వేశాడు. దాంతో పడవ అడ్డొచ్చింది. అది కళాఖండం, జరపకూడదు. కళాఖండం వేదిక కింద ఉంటే కళకు అగౌరవం. పడవనీ ఎత్తి వేదిక మీద పెట్టారు. పైనున్నవాటన్నిటికీ శాలువా కప్పాలి కాబట్టి దానికీ ఒకటి కప్పారు.

"బాబూ, ఇంకెక్కడేత్తామండి, గోడొచ్చీసింది," అన్నాడు పైడిరాజు.

హాలు ఈ గోడ నుంచి ఆ గోడ దాకా బల్లలతో, ఎర్ర తివాచీతో నిండిపోయింది. హైమ చుట్టూ చూసింది.

"సార్, గోడ నుంచి గోడ దాకా వేస్తే దాన్ని వేదిక అనరు, నేల అంటారు."

"సామాన్యులకు నేల," అన్నారు చక్రధరం గారు. "మనకు విస్తృత వేదిక."

"మరి సభికులు ఎక్కడ కూర్చుంటారు?"

ఇది మాత్రం ఆలోచించవలసిన విషయమే. సిబ్బంది బంధువు వేదిక ఎక్కకూడదు. వేదిక లేని చోటు హాల్లో లేదు. చివరికి మధ్యలో ఒక్క బల్ల తీయించి, ఆ గోతిలో ఒక కుర్చీ వేయించారు. మన్మథరావు అందులో దిగి కూర్చుంటే తివాచీ మీదికి అతని తల మాత్రం కనిపించింది, గుమ్మడిపాదు మీద కాయలాగా. అతను ఇటు తిరిగి ఒకసారి, అటు తిరిగి ఒకసారి చూసుకుని, "ఇక్కణ్నుంచి పైవరస పళ్లు బాగా కనిపిస్తాయి" అని తృప్తిపడ్డాడు.

ఇందుబాల గారు వచ్చారు. సన్నగా, నూలు చీరలో, నిదానంగా మాట్లాడే మనిషి. వచ్చీ రాగానే ఆవిడనూ వేదిక మధ్యలో కూర్చోబెట్టారు. వేదిక పొడవునా బల్లలు, వాటి మీద ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకే తెల్లగుడ్డ, వెనక ఊళ్లో ఏదో ఒకటి సాధించినవారంతా. ఈసారి తలుపులు మూసే పని లేకుండా జ్యోతికి చుట్టూ మనుషులే గోడలా నిలబడ్డారు.

సందేశాలు మొదలయ్యాయి. ఇందుబాల గారు ఒకసారి హైమ వైపు వంగి, "వర్క్‌షాప్ ఎప్పుడమ్మా?" అన్నారు.

"ఉందండీ, కార్యక్రమంలోనే ఉంది."

కాసేపటికి మళ్లీ, "ప్రజలు ఎక్కడున్నారు?" అన్నారు.

"పైనే ఉన్నారండీ," అంది హైమ దిగులుగా. "ప్రజలందర్నీ పైకి పిలిచేశాం."

ఇందుబాల గారు గోతిలోని తల వైపు చూశారు. తల వినయంగా నమస్కారం పెట్టింది.

ఎండ నడినెత్తికి వచ్చింది. తుపాను రేకు ఆయన తీరం దాటాడు. జ్ఞాపికలు ఇవ్వబోయేసరికి చక్రధరం గారి మొహం వెలవెలబోయింది. ప్రముఖులు ఎక్కువ, జ్ఞాపికలు తక్కువ. కొందరికి ఇచ్చి కొందరికి ఇవ్వకపోతే ఏమవుతుందో ఆయనకు కూర్మారావు గారు ఒకసారి నేర్పారు. ఆయన హైమ దగ్గరికి వచ్చి, మొదటిసారి మామూలు మనిషిలా గొంతు తగ్గించి, "అమ్మా, జ్ఞాపికలు చాలవు. నువ్వు వందన సమర్పణ అనేసి ముగించెయ్యి" అన్నారు.

హైమ మైకు అందుకుంది. ఇక్కడితో ముగిస్తే తన విభాగం కూడా ముగిసినట్టే. ఎదురుగా ఎర్ర తివాచీ మీద మన్మథరావు తల. ఆ తల పక్కనుంచి ఒక చెయ్యి పైకి లేచి, వేళ్లతో "కానీ" అన్నట్టు ఊపింది. ఆమె కాళ్ల దగ్గర బెండకాయల సంచి, ప్రముఖుల ముందు బల్ల మీద రంగుల పళ్లేలు ఉన్నాయి. కోసిన బెండకాయలు ఎప్పటిలాగే ఇంటికి పోవడానికి సిద్ధంగా ఉన్నాయి.

హైమ గొంతు సవరించుకుంది, అచ్చం డైరెక్టర్ గారిలా.

"ఈ మహత్తర సభను అలంకరించిన పెద్దలందరికీ సంస్థ పక్షాన వందనాలు. ముందుగా కూర్మారావు గారికి. వారు సంస్థ అందిస్తున్న ఈ అర బెండకాయను జ్ఞాపికగా స్వీకరించవలసిందిగా కోరుతున్నాను."

కూర్మారావు గారు లేచారు. రెండు చేతులా బెండకాయ అందుకున్నారు. కెమెరా వైపు తిరిగి, క్లిక్ అన్నదాకా ఆగారు.

"స్వీకరించిన జ్ఞాపికను తమ ఎదుటనున్న పళ్లెంలోని రంగులో ముంచవలసిందిగా కోరుతున్నాను."

ఆయన ముంచారు.

"ముంచిన జ్ఞాపికను బల్ల మీది గుడ్డపై మెల్లగా ఒత్తి, వేదికను అలంకరించవలసిందిగా కోరుతున్నాను."

ఒత్తారు. తీశారు. తెల్లగుడ్డ మీద ఎర్రటి పువ్వు ఒకటి, రేకులన్నీ విచ్చుకుని, ఆయన వైపే చూస్తోంది.

"ఓర్నీ!" అన్నారు కూర్మారావు గారు. ఆ వేదిక మీద ఆయన అందాకా ఎన్నో మాటలు చెప్పారు గానీ, కాగితం చూడకుండా అన్న మొదటి మాట అదే. "అమ్మాయీ, ఇంకోటి ఒత్తొచ్చా?"

"కోరుతున్నాను," అంది హైమ.

ఆ తర్వాత మైకు అవసరం పెద్దగా రాలేదు. తనకింకా జ్ఞాపిక అందలేదని లలితకుమారి లేచింది. అందాక పువ్వులను మెలికల ముగ్గులో పేర్చడం మొదలుపెట్టింది. ప్రథమ బహుమతి రావలసినావిడ ఎదురుగా వచ్చి ఇంకా పెద్ద ముగ్గు మొదలుపెట్టింది.

"ఏమమ్మా, నా వైపుకి వచ్చేస్తున్నావు?"

"గుడ్డ నీ పుట్టింటిదా ఏమిటి?"

తాతగారికి ఉల్లిపాయ ముద్ర నచ్చి మరొకరికి ఇవ్వనన్నారు. మనవరాలు అరటి దవ్వ కోసం ఆయన్ను తోసుకుంటూ తిరిగింది. తుపాను రేకు ఆయన గుండ్రంగా, గుండ్రంగా, కళ్లు మూసుకుని ఒత్తుకుంటూ పోతుంటే తుపాను ఇన్నాళ్లకు అందరికీ అర్థమైంది. గుడ్డ చాలక శాలువాల మీద ఒత్తుకున్నారు. పడవ మీది శాలువా కూడా పూసింది.

చక్రధరం గారు అక్కడక్కడే తిరుగుతూ, "క్రమశిక్షణ... సభా మర్యాద... మరకలు..." అంటున్నారు. హైమ ఆఖరిసారి మైకు దగ్గరికి వెళ్లింది.

"మా డైరెక్టర్ గారు కూడా ఒక జ్ఞాపికను స్వీకరించవలసిందిగా కోరుతున్నాను."

ఆయన ఆగిపోయారు. జిల్లాలో కాదనే పెద్దమనిషి పుట్టలేదని తానే చెప్పిన మాట గుర్తొచ్చింది కాబోలు. బెండకాయ అందుకుని, ఎవరూ చూడటంలేదని నిర్ధారించుకుని, ఒక మూల నీలం పువ్వు ఒకటి ఒత్తారు. కాసేపు చూసుకున్నారు. దాని పక్కన ఇంకొకటి ఒత్తారు.

ఇందుబాల గారి వేళ్లు అప్పటికే పసుపు రంగులో ఉన్నాయి. "వందన సమర్పణలో వర్క్‌షాప్ పెట్టడం నేనెక్కడా చూడలేదమ్మా," అన్నారు హైమతో. "మీ విభాగం ఉంటుంది. ఫ్యాను కూడా ఉంటుంది, నేను రాస్తాను."

హైమ మైకు వదిలేసి గోతి దగ్గరికి పరుగెత్తింది. మోకాళ్ల మీద కూర్చుని వంగింది. కింద మన్మథరావు అదే పనిగా చప్పట్లు కొడుతున్నాడు.

"మీకు జ్ఞాపిక ఇవ్వకూడదు. మీరు బంధువులు."

"జ్ఞాపిక ఎవడిమ్మన్నాడు? ఒక బెండకాయ ఇటు పడెయ్యి."

రంగు పళ్లెంతో సహా ఇచ్చింది. ముంచాడు. గోతిలో గుడ్డ లేదు కాబట్టి, తన వైపు చాచిన హైమ అరచేతి మీద ఒత్తాడు.

సరిగ్గా అప్పుడే చక్రధరం గారు మైకు అందుకున్నారు. ముక్కు మీద నీలం రంగు ఉంది గానీ, ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

"సభాసదులారా! ఈ గుడ్డ ఈరోజు ఒక విశిష్టమైన స్థాయిని సాధించింది. ఏదైనా ఒకటి సాధించినవారిని వేదిక మీదికి ఆహ్వానించాలని మన నియమావళి ఘోషిస్తోంది. కావున రేపు ఉదయం పది గంటలకు ఈ గుడ్డకు ఘన సన్మానం! గుడ్డ వేదిక నిండుగా ఉంటుంది కనుక, మిగతా ప్రముఖులందరూ కింద ఆసీనులు కావలసిందిగా కోరుతున్నాను."

అందరూ కిందికి చూశారు. కింద అన్నది ఒక్క కుర్చీ మేరకే ఉంది.

"ఉండండి బాబూ," అన్నాడు పైడిరాజు తలుపు దగ్గర్నుంచి, తలపట్టుకుని. "బల్లలిప్పీత్తాను."

"సభికులు రేపు తప్పనిసరిగా రావాలి," అన్నారు చక్రధరం గారు గోతి వైపు చెయ్యి చూపించి. "అనుభవజ్ఞులు. కింద కూర్చోవడం ఎలాగో పెద్దలకు నేర్పాలి."

గోతిలోంచి తల అడ్డంగా ఊగింది. "రేపు సభికులకు సెలవండి. పదింటికి లలితకుమారి గారి సిమెంటు. మధ్యాహ్నం కూర్మారావు గారి దవడ పన్ను, సాయంత్రం తమరి జ్ఞానదంతం. ఇందాక ఒక్కొక్కరూ రంగు చేతుల్తోనే వంగి చెప్పి వెళ్లారు, ఇంత శ్రద్ధగా తమ నోరు చూసిన మనిషి ఇంకెవరూ లేరని."

"సభికులు రాకపోతే సభ ఎలాగయ్యా?"

"రేపు అందరూ కిందే కదండీ. రేపటి నుంచి సభికులు మీరే."

అంతా సర్ది, పొద్దుపోయాక ఇంటికి వెళ్తుంటే హైమ స్కూటరు వెనక కూర్చుని, పువ్వు చెరిగిపోకుండా ఆ చేతిని గాలిలోకి ఎత్తి పట్టుకుంది. దారిలో రెండు మూడు ఆటోలు తమకే సైగ చేస్తోందనుకుని ఆగాయి.

"రేపు వందన సమర్పణ గుడ్డకి చెప్పాలండీ. అదేమీ పలక్కపోతే?"

"కోరి చూడు," అన్నాడు మన్మథరావు.

జిలేబీల కొట్టు ముందు స్కూటరు ఆపాడు. మూకుడు చల్లగా ఉంది, కొట్టు తాళం వేసి ఉంది.

"రేపు," అన్నాడు అతను. "పొద్దున్న నీ గుడ్డ సన్మానం, సాయంత్రం మీ డైరెక్టరు గారి పన్ను. అది అవగానే ఇక్కడికొస్తాం, వేడివేడిగా తింటాం. కూర మాత్రం రేపు నేను వండుతాను."

"ఏం కూర?"

"వంకాయ."